తలుపుల కమిటీ

అత్తాపూర్‌లో, పిల్లర్ నంబర్ నూట ఇరవైకి ఎదురుగా,
ఇంకా పెయింటు వాసన పోని కొత్త బ్లాకులో
మూడు కంపెనీలు మూడు తలుపులు బిగించి వెళ్లాయి.
ఒకటి పక్కకు జరిగేది, ఒకటి లోపలికి ఊగేది,
ఒకటి గాలి కూడా దూరనంత బిగుతుది, ఆపరేషన్ థియేటర్‌కి.
సేల్స్ కుర్రాడు దాని ముందు చెయ్యి తిప్పి చూపించాడు
హారతి ఇస్తున్నట్టు.

నేను రాసుకుంటున్నాను: వెడల్పు, వేగం, వారంటీ,
కరెంటు పోతే తెరిచి ఉండాలా, మూసి ఉండాలా.
ఆ ఒక్క ప్రశ్నకే గంట పట్టింది.
ఫైర్ వాళ్లు తెరవమన్నారు,
షాహీన్ సిస్టర్ మూయమంది.
టీ చల్లారింది.

సిస్టరే నేల మీద కూర్చుని, తెల్ల యూనిఫాంతో,
రెండో తలుపు దాకా దేకింది.
తలుపు కదల్లేదు.
"వారం వారం డ్రెస్సింగ్‌కి వచ్చే చక్రాల చెక్క బాబా
దీనికి కనపడడు, తీసెయ్యండి."
తీసేశాం.

బాలనర్సయ్యను పిలిపించాను.
పాత బిల్డింగులో ఇరవై రెండేళ్ల స్ట్రెచర్.
వచ్చాడు, చెప్పులు గడప బయట విప్పి.
తీసుకురా అన్నాం ఖాళీ స్ట్రెచర్‌ని, థియేటర్ తలుపులోంచి.
తలుపు దగ్గరికి రాగానే అలవాటుగా
ముందుకొచ్చి, వెనక్కి తిరిగి,
వీపు ఆనించబోయాడు.
తలుపు అప్పటికే లేదు.
తూలి, నిలదొక్కుకుని, నవ్వాడు.

"గిట్లయితే పేషెంటు మొకం కనవడది గద మేడం.
వీపుతోని తలుపు నూకేటప్పుడే
నేను వాళ్లకు ఎదురుంగ ఉండేది.
ఒక్క మాట అంటుంటి,
ఏంగాదు, లోపట జర సల్లగుంటది, గంతే, అని."

ఆ మాటను ఏ గడిలో రాయాలో తెలియలేదు.

ఐసీయూ తలుపు సంగతి వేరు.
సెన్సర్ చూపు పెద్దదైతే
దారిన పోయే ఫినాయిల్ బకెట్టుకు కూడా తెరుచుకుంటుంది.
తెరుచుకున్న ప్రతిసారీ
బెంచీల మీదివాళ్లంతా లేచి నిలబడతారు,
రాత్రి రెండింటికి, ఒళ్లో టిఫిన్ డబ్బాలు జారుతుంటే.
ఎవరూ రారు.
మళ్లీ కూర్చుంటారు.
పది లక్షలసార్లు తెరుచుకుంటుందని బ్రోచర్‌లో ఉంది.
ఎన్నిసార్లు లేస్తారో లేదు.
అరచెయ్యి చూపితేనే తెరవాలి అని రాశాను.

ఎమర్జెన్సీకి రెప్పపాటు ఆలస్యం కూడా వద్దు.
థియేటర్‌కి మాత్రం
మూడు సెకన్లు ఆగి తెరవమన్నాను.

"అందరూ తొందరగా తెరవమంటారు మేడం," అన్నాడు కుర్రాడు.
"రాసుకో."
రాసుకున్నాడు. కారణం అన్నచోట ఖాళీ వదిలాడు.

మేం సంతకాలు పెడుతున్నాం.
బయట బాలనర్సయ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు, అటూ ఇటూ.
పక్కకు జరిగే తలుపు
అతని కోసం తెరుచుకుంటోంది, మూసుకుంటోంది,
మళ్లీ తెరుచుకుంటోంది.