మూడోసారి

పొలమారితే ఎవరో తలుచుకుంటా ఉండారని
నడినెత్తిన తట్టి నవ్వుకునేవాళ్ళం.
మీ అక్కో, రాపూరు బాకీదారో.
ఈ రెండేళ్ళుగా ముద్దముద్దకీ పొలమారతా ఉంటే
ఇంతమంది ఎవరు పెంచలయ్యా,
పనులు మానుకొని నిన్నే తలుచుకునేది?

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
ఇరవయ్యారేళ్ళు వేలం పాడిన గొంతు.
రాశుల మధ్య నువ్వు నడస్తా ఉంటే
వ్యాపారులు ఎనక పరిగెత్తేవాళ్ళు.
ఒక్క గుక్కలో పది ధరలు.
కనుబొమ్మ ఎగరేసినోడి రేటూ నీ చెవికి ఇనపడేది.

ఇప్పుడు నువ్వు "నీళ్ళు" అన్నా
నీ పెదాల కాడ చెవి పెట్టాల.
ఆ నీళ్ళే నీకు పగ.
పల్చటివి దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయంట,
తూము ఇరిగి కనుపూరు కాలవ
పక్కోడి చేలో పడ్డట్టు.

నెల్లూరు నించి బస్సులో వస్తుంది నౌషీను, ఆస్పత్రి పిల్ల.
"మింగడం మర్చిపోలేదు తాతా.
దానంతటది జరగడం మానుకుంది.
ఇంక నువ్వే గుర్తుపెట్టుకొని మింగాల."
నిటారుగా కూచో. గడ్డం దించు.
గట్టిగా మింగు, గొంతులో గోలీ పైకి లేవాల.
ఖాళీగా ఇంకోసారి మింగు.
మాత్రేసిన ముక్కాలు గంటకి కంచం.
టీవీ కట్టెయ్.

నేనూ నేర్చుకున్నా.
రాగిజావ చెంచా మీంచి తేనెలాగా జారాల.
చేపల పులుసులో ముల్లు తీసి, చిదిమి, చిక్కబరిచి
మామిడికాయ ముక్క వాసన నీకు, ముక్క నాకు.
అలిగావు.
మొహంలో ఏం తెలీదు గదా ఇప్పుడు,
చెంచా నెట్టేశావు గాబట్టి తెలిసింది.

ఒకరోజు ఆ పిల్ల
ఐసునీళ్ళలో ముంచిన దూదికి నిమ్మరసం అద్ది
నీ నాలిక మీద తాకించింది.
బతుకంతా నిమ్మకాయలమ్మి
ఇంట్లో ఊరగాయ ముట్టని మనిషివి!
మొహం మొత్తం ముడుచుకుంది, ఒక్క లిప్త.
నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా.
ఏడాదయింది దాని మీద
ఏదన్నా కదలడం చూసి.

అయినా ముద్ద బుగ్గలో అట్నే నిలబడేది,
ధర రాక వానలో నానే బస్తాలాగా.
ఆ పిల్ల ఒకటి, రెండు అని లెక్కపెట్టేది.
ఆ లెక్క నీకు ఎక్కేది గాదు.
పన్నెండో పూట నాకే ఇసుగొచ్చి
నడుం మీద చెయ్యేసుకొని నీ యాసలో అరిచా:
"బస్తా రెండువేల నాలుగొందలు...
ఒకటోసారి!"

తల లేచింది.
గడ్డం దిగింది.
"రెండోసారి!"
గోలీ లేచి, అక్కడే ఆగింది.
మూడోసారి నేననలా.
నువ్వే అన్నావు, లోపల.
గుటక ఇనపడింది.

పక్కింటి కావమ్మ కిటికీలోంచి అడిగింది,
ఏం అమ్ముతుండారు అని.

రాత్రి నాకు పొలమారింది, ఉత్త మంచినీళ్ళకే.
మంచం మీంచి నీ చెయ్యి లేచింది.
నడినెత్తి దాకా రాలా.
భుజం మీద పడి
వణుకుతా, వణుకుతా
తడతానే ఉండింది.