జిరాక్సు కొట్టు, మోంతెవీదెయో

జనవరిలో ఈ వీధికి నోరుండదు.
యూనివర్సిటీ గేటుకి గొలుసు.
ఎంపనాదాల బండి కూడా ఒడ్డుకి వెళ్ళిపోతుంది.
నేనూ, నా మిషనూ,
గోడ మీద నిరుటి సమ్మె పోస్టరూ.

మార్చి మొదటి సోమవారం
గట్టు తెగినట్టు వస్తారు,
తకువారెంబో బస్సు దుమ్ము ఇంకా దులుపుకోని వాళ్ళు,
మాతే బుర్ర చంకలో ఇరికించుకుని:
"దార్దో, ఇరవై మూడు నుంచి నలభై దాకా,
రెండు వైపులా.
డబ్బులు శుక్రవారం."

ముప్పై ఏళ్ళుగా మనిషి గుండెని
నలుపు తెలుపుల్లో తీస్తున్నాను.
ఏ కవాటం ఎటు తెరుచుకుంటుందో నన్నడగండి.
ఆ గేటు లోపలికి మాత్రం
ఒక్కసారే వెళ్ళాను, అదీ టోనరు ఇవ్వడానికి.

యమందూ బాకీ నూట పన్నెండు పేజీలు.
మురుగు కాలవల లెక్కలు.
పరీక్ష తప్పాడని, టాక్సీ తోలుతున్నాడని విన్నాను.

ఈ ఏప్రిల్లో వాన.
నీళ్ళు గడప దాటి
కాగితాల కట్టల కాళ్ళు పట్టుకున్నాయి.
పసుపు టోపీ వాడొకడు
మ్యాన్‌హోల్లోకి నడుం దాకా దిగి ఏదో కెలికాడు.
వీధి గుటకలేసింది.

పైకొచ్చి బురదచేత్తోనే
నా గాజు తలుపు తట్టాడు:
"అరవయ్యో పేజీ వంకరగా తీశావు, దార్దో.
సగం సూత్రం అంచులో పోయింది.
రెండోసారి రాయాల్సొచ్చింది."

డబ్బులివ్వలేదు. నేనూ అడగలేదు.

అద్దం మీది అయిదు వేళ్ళూ తుడుస్తుంటే
ఎవరో కొత్త పిల్ల, తడిసిన పుస్తకంతో,
రంగుల్లో తీస్తావా అంది.

గుండెకి రంగెందుకే, అన్నాను.