గీత

సర్జాపూర్ రోడ్డులో పద్నాలుగో అంతస్తు స్లాబు
ఇంకా పచ్చిగానే ఉంది.
కింద రేకుల షెడ్డు నీడలో
నేను వేళ్లు అరువడుగుతున్నాను.
మనిషికి ముప్పై సెకన్లు, యాభై రూపాయలు.

కెమెరా మీద వేలు ఆనించాలి, నొక్కకూడదు.
ఫ్లాష్ వెలుగుతుంది.
నెత్తురు వచ్చినప్పుడు ఎరుపు కాస్త ముదురుతుంది
పోయినప్పుడు కాస్త తేలిపోతుంది.
ఆ కాస్త తేడాయే మా కంపెనీ.

ఆలూరు పక్కనుంచి వచ్చిన సుంకులమ్మ
చెయ్యి కొంగుకి మూడుసార్లు తుడుచుకుంది.
"నా యేలు పనికిరాదు నాయనా.
మా ఊరి స్టోరులో మిషను నన్ను నమ్మదు.
నువ్వు నువ్వు కాదు పో అంటాది.
మూన్నెల్లు బియ్యం ఈయలే."

చూశాను.
బొమ్మా బొరుసూ ఒకటైపోయిన
పాత బిళ్లలా ఉంది బొటనవేలు.
గీతలన్నీ సిమెంటు తినేసింది.

"దీనికి గీతలు అక్కర్లేదమ్మా."
"మరేం కావాల?"
ఏం చెప్పాలో తెలీక
"లోపలిది" అన్నాను.

పెట్టింది.
సున్నం ఇరుక్కున్న గోరు
దానిమ్మ గింజయి వెలిగింది.

కాంక్రీటు మిక్సరు తిరిగినప్పుడల్లా
నేల అదిరి, తెర మీద అల చెదిరిపోతోంది.
మళ్లీ మొదటికి. మళ్లీ.
కాసేపు ఆపమంటే మేస్త్రీ మంజప్ప
కన్నడంలో నా పుట్టుక గురించి ఏదో అన్నాడు.
చివరికి అన్నాలవేళ అయింది,
మిక్సరు తనంతట తనే ఆగింది.

డెబ్బై నాలుగు.

"అది నేనేనా?"
"నువ్వే. నీ గుండె, నిమిషానికి."
నవ్వింది. డెబ్బై తొమ్మిది.
"నవ్వితే గూడా దొరికిపోతాననుకో" అని
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
మళ్లీ ఏదో గుర్తొచ్చి,
"పేరు అడగలేదేం ఇది?"

మా ఫారంలో పేరుకి గడి లేదు.
రెండు వందల పన్నెండు అని రాసుకున్నాను.
చర్మం రంగు: ఆరింటికి ఐదు.
వణుకు: లేదు.
ఆకలికి కూడా గడి లేదు.

యాభై ఇచ్చేముందు
వోచరు మీద ముద్ర వేయించుకోవాలి.
సిరా దిండు మీద అద్ది, బలంగా నొక్కింది.
నల్లటి గుండ్రటి మరక పడింది,
మధ్యలో ఏమీ లేదు.

సోమవారం అకౌంట్స్ నుంచి
ఆ కాయితం తిరిగొచ్చింది:
"ముద్రలో గీతలు కనబడుట లేదు."

ముప్పై సెకన్ల సుంకులమ్మని
ప్రింటు తీశాను,
మిక్సరు అదిరిన చోట గజిబిజి,
నవ్విన చోట అలలు దగ్గర దగ్గరగా.
వోచరుకి పిన్ను కొట్టి పంపాను.

గీత అడిగారుగా.