రెండు బొగ్గు గీతలు

అవెంటైన్ కొండ దిగువన మాది బట్టలుతికే కొట్టు.
మూడు తొట్లు. మొదటిదాంట్లో
వీధి మూలల కుండల్లోంచి మోసుకొచ్చిన ఊరందరి ఉచ్చ.
ముక్కు మూసుకోకు, ప్రిములా,
రోము తెలుపంతా ఇందులోంచే లేస్తుంది.

వెట్రోనియస్ మొదటిసారి తానే వచ్చాడు.
ఉన్నది ఒక్క టోగా.
అది ఆరేదాకా ఆ తెర వెనక గోచితో కూచుని
మా అమ్మతో ఉల్లిపాయ పంచుకు తిన్నాడు.
చేతిలో డబ్బుల్లేవు. రెండు రాగి నాణేలు బాకీ.
అమ్మ గోడమీద బొగ్గుతో రెండు గీతలు గీసింది,
పేరు రాయడం రాదు గనక.

ఎన్నికలొచ్చిన ఏడు సుద్ద అడిగాడు.
"ఎంత దూరాన్నించి చూసినా నేనే కనపడాలి."
రుద్దాం. మోచేతులు పీకేదాకా రుద్దాం.
సుద్ద మరకని కడగదు, కప్పుతుంది.
మాకు తెలుసు, అతనికీ తెలుసు.
కౌగిలించుకున్న ప్రతి ఓటరుకీ
కాస్త తెల్లదనం అంటించి పోయాడు.

తర్వాత ఊదా అంచు వచ్చింది.
తర్వాత అతను రావడం మానేశాడు, బానిస వచ్చాడు,
ఆ తర్వాత ఆ బానిసకో బానిస.
ఉత్తరాన ఏదో నది దాటి గెలిచాడట.
బంగారు తీగ కుట్టిన నిండు ఊదా వస్త్రం వచ్చింది,
గంధకం పొగ తగలకుండా ఇద్దరు సైనికుల కాపలాతో.
మా వీధికి రెండు బస్తాల గోధుమలు పంచారు.
పురుగు పట్టినవే.
అయినా జై కొట్టాం.

ద్రాక్ష కోతలింకా మొదలవలేదు,
ఒకే మధ్యాహ్నం పదకొండు ఇళ్లనుంచి మూటలు.
అన్నీ సెనేట్ పెద్దలవే.
అన్నిటికీ ముందు మడతల మీద చిమ్మిన ఎరుపు.
"ముక్కులోంచి కారింది" అన్నాడొకడు.
"మేకని బలిచ్చాం" అన్నాడింకొకడు.
"వంటింట్లో చేప కోస్తుంటే..." అని ఆగిపోయాడు
ఒక ముసలి బానిస, మా కళ్లలోకి చూడకుండా.
వేడినీళ్లు పోస్తే నెత్తురు నేతలోకి దిగిపోతుంది.
చన్నీళ్లే పోశాం. ఏమీ అడగలేదు.
వీధిలో కేకలు మొదలయ్యేసరికి
మా తొట్టికి ముందే తెలుసు.

అతని టోగా మాత్రం ఉతుక్కి రాలేదు.

మర్నాడు ఉలులు పట్టుకుని మనుషులొచ్చారు,
ఎక్కడ అతని పేరుంటే అక్కడ చెక్కేయమని ఆజ్ఞ.
మా గోడ కూడా చూశారు, పైకీ కిందికీ.
గీతలకి పేరు లేదు కదా.
వెళ్లిపోయారు.

సరే, ఆ కొస పట్టుకో.
ఇటు తిప్పి పిండు, మెల్లిగా.
ఊదా తెలుపులోకి దిగిందా,
వీడు మనల్ని బతకనివ్వడు.