కాగితం మీద పదిహేను

ఒంగోలు నించి ఖాజావలి ఫోన్లో పంపిన
రెండు గ్రాఫిక్స్ కార్డుల వివరాలు
పెళ్ళి ఆర్డర్ల పుస్తకం వెనకట్ట మీద
ఎదురెదురుగా రాసుకున్నాను.
మధ్యలో స్కేలు పెట్టి గీత.
ఎడం పక్క పాతది, కుడి పక్క కొత్తది.
"జాతకాలు కలుపుతుండావా అక్కా" అన్నాడు
కెమెరా తుడుస్తున్న మాల్యాద్రి.

పాతదాంట్లో కోర్లు 3584.
కొత్తదాంట్లో 3072.
తక్కువే, కానీ గడియారం పరుగు
పాతదానికి 1.78, కొత్తదానికి 2.46.
కోర్లని పరుగుతో హెచ్చించి
మళ్ళీ రెండుతో హెచ్చించాలి,
ఒక్కో టిక్కుకి ఒక గుణకారం, ఒక కూడిక
ఒకే ఊపులో చేస్తాయి గనక.
పాతది పన్నెండు ముప్పావు.
కొత్తది పదిహేను దాటింది.
టెరాఫ్లాపులు.
మాల్యాద్రికి నోరు తిరగక
"టెరా అప్పులు" అన్నాడు.
ముప్పై నాలుగు వేలు, వడ్డీకి తేవాలి,
వాడి మాటే సరిగ్గా ఉంది.

"పదిహేనే పెద్దది గదా, ఇంకేంది?"

ఆ పదిహేనులో
మూడువేల డెబ్బై రెండు మందిలో ఒక్కరూ దగ్గరు.
ఒక్కరూ నడుం పట్టుకోరు.
పక్కవాడు అందించేదాకా
చేతులు కట్టుకు నిలబడేవాడు లేడు.

మా అమ్మ రవణమ్మ
వెలిగండ్ల దోవలో ఉపాధి గుంటలు తవ్వేది.
మనిషికి రోజుకి ఇన్ని ఘనపు మీటర్లని
ఎవరో, యాడనో, మెత్తటి నేల మీద కట్టిన లెక్క.
మా నేలలో గడ్డపార దిగితే
మట్టి కంటే ముందు నిప్పురవ్వ లేచేది.
శనివారం టేపు పట్టుకొచ్చిన మేటు
"సగమే వచ్చిందమ్మా" అనేవాడు.
గుంటనే కొలిచాడు.
రాయిని కొలిచే గడి
ఆ కాగితంలో లేదు.

కింది వరస చూశాను.
బస్సు వెడల్పు: పాతదానికి 192 బిట్లు,
కొత్తదానికి 128.
"కార్డులో బస్సేందక్కా?"
కనిగిరోడివి, ట్యాంకరు తెలుసు గదరా.
వీధిలో మూడువేల బిందెలు,
ట్యాంకరుకి ఒకటే గొట్టం.
చేతులెంత చురుగ్గా ఉంటే ఏం,
గొట్టమెంత లావో నీ బిందె అంత తొందరగా నిండుద్ది.
పొద్దుటి నించి నేను చెప్పినదాంట్లో
వాడికి ఎక్కింది ఇదొక్కటే.
"అయితే ఇంట్లో డ్రమ్ము పెట్టుకుంటే?"
పెట్టారు. కొత్తదాంట్లో పెద్ద డ్రమ్మే పెట్టామంటున్నారు.
అబద్ధమని అననుగానీ
డ్రమ్ము ఖాళీ అయినాక
మళ్ళీ అదే గొట్టం దగ్గరికి రావాల.

జ్ఞాపకం: పన్నెండు, ఎనిమిది.
కరెంటు: నూట డెబ్బై వాట్లు, నూట పదిహేను.
పాతదాన్ని మెచ్చుకోబోయి ఇక్కడ ఆగాను.
సాయంత్రం ఆరయితే పామూరు రోడ్డులో
స్టెబిలైజరు పళ్ళు కొరుకుతూనే ఉంటది.

మర్నాడు పెన్‌డ్రైవ్ రుమాల్లో చుట్టి
ఒంగోలు బస్సెక్కాను.
అందులో రెండు నిమిషాల ఊరేగింపు:
డ్రోను పైనించి తీసింది,
బాణసంచా పొగ, జనరేటరు లైట్లు,
ఎంత మంచి కార్డుకైనా ముచ్చెమటలు పట్టేది.
ఖాజావలి రెండిట్లోనూ పెట్టి నడిపాడు.
పాతది మూడు నిమిషాల నలభై ఒకటి.
కొత్తది మూడు ముప్పై ఎనిమిది.
రెండు టెరా అప్పుల పైచిలుకు తేడా
మూడు సెకన్లకి దిగింది.

"చూశావుగా, కొత్తదే" అన్నాడు.
నీ కొట్టులో ఏసీ ఉంది ఖాజా.
అది కట్టెయ్.
తలుపు కూడా మూసెయ్.
మళ్ళీ పెట్టు.

ఎగాదిగా చూసి, నవ్వి, కట్టేశాడు.
మే నెల మధ్యాహ్నం
షట్టరు కింద నించి పాకి లోపలికొచ్చింది.
కార్డు ఫ్యాను మొదట గొణిగింది,
తర్వాత కొట్టంతా దానిదే గొంతు.
ఖాజావలి చొక్కా వీపుకి అంటుకుంది.
నేను పైటకొంగుతో విసురుకుంటున్నాను,
నన్ను కాదు, డబ్బా పక్క మూతని.

అరవై ఒకటి శాతం దగ్గర
పెళ్ళికూతురు తలమీద తలంబ్రాలతో
సగం మొహమే గీసుకుని
నిలబడి ఉంది.

పుస్తకం తీసి
అన్ని అంకెల కిందా
ఇంకో వరస గీశాను.