పేజీకి రెండువందల యాభై

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో
జిరాక్సు మిషను వెనకాల నా కుర్చీ.
కోర్టు నోటీసులు, కరపత్రాలు,
మందుల డబ్బాల్లో మడతపెట్టే చీటీలు,
ఏదైనా తెలుగు చేస్తాను.
పేజీకి రెండువందల యాభై. అర్జెంటైతే మూడొందలు.

జూన్‌లో ఒక పెన్‌డ్రైవు వచ్చింది.
హరితార్ణవ ల్యాబ్స్ వారి విస్తరణ,
నలభై పేజీల సారాంశం.
ఊరివాళ్ల భాషలో ఉండాలని రూలట.
తెచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు, ఇరానీ చాయ్ తాగించాడు.
"మాటలు కొంచెం మెత్తగా పడాలండీ" అన్నాడు.

మెత్తగానే పడ్డాయి.
పారబోయడాన్ని "విడుదల" అన్నాను,
శుక్రవారం కొత్త సినిమాలాగా.
చెరువును "స్వీకరించు జలవనరు" అన్నాను,
అదే చెయ్యిచాచి అడిగినట్టు.
చేపల ఊసు ఇంగ్లీషులోనే లేదు, నేనేం చెయ్యను.
నెగ్లిజిబుల్ దగ్గర మాత్రం ఆగాను.
నిఘంటువు "ఉపేక్షణీయం" అంది.
టైపు చేసే నుస్రత్ తలెత్తి,
"అంటే ఏంది సార్,
పట్టించుకోనక్కర్లేదనా, పట్టించుకోమనా?"
ఏదైనా చెల్లుతుందన్నాను.
ఆమె చాదర్‌ఘాట్ నుంచి వస్తుంది. మూసీ పక్కనే గది.
ఎండాకాలం కిటికీ తియ్యరట.
వానాకాలం అసలే తియ్యరట.

విచారణ రోజు ఎందుకు వెళ్లానో తెలీదు.
నా అక్షరాలు జనంలో ఎలా నిలబడ్డాయో చూద్దామనేమో.
రెండు బస్సులు మారి, ఔటర్ దాటి, షేర్ ఆటో.
షామియానా, ఎర్ర కుర్చీలు, బిర్యానీ ప్యాకెట్ల వాసన,
దాని వెనక ఇంకో వాసన.
కుళ్లిన క్యాబేజీ మీద
ఎవరో గోళ్లరంగు ఒలకబోసినట్టు.
నలభై పేజీల్లో ఎక్కడా నాకు తగల్లేదది.

కిష్టవ్వ అనే ఆవిడ మైకు పట్టుకోలేదు.
కొంగు చాటు నుంచి సీసా తీసి
ఆఫీసర్ల మినరల్ వాటర్ పక్కన పెట్టింది.
డికాక్షన్ రంగు.
"మా బోరు నీళ్లు. మూత తియ్యుండ్రి సారు."
ఎవరూ తియ్యలేదు.
"రాత్రి రెండింటికి ట్యాంకర్లొస్తయి, లైట్లు బందు జేసుకొని.
పొద్దుగాల చెర్వు మీద మోకాలెత్తు నురుగు.
నా బర్రె రెండుసార్లు ఈసుకపోయింది.
మీ కాగితం మా పిల్లగాడు సదివిండు. మంచిగుంది.
అండ్ల నీళ్లకు గబ్బు లేదు.
గా నీళ్లు యాడున్నయో జూపియ్యుండ్రి, గవే తాగుతం."

చప్పట్లు కొట్టబోయి ఆగాను.
గబ్బు కడిగేసింది నేనే కదా.

వారం తర్వాత అదే కుర్రాడు, అదే చాయ్.
ఈసారి తెలుగు నుంచి ఇంగ్లీషుకి.
సభలో ఎవరేమన్నారో పైకి పోవాలట.
"అంత వివరంగా వద్దండీ.
కొందరు గ్రామస్థులు సందేహాలు వెలిబుచ్చారు, చాలు."

వివరంగానే చేశాను.
బర్రెను చేశాను. ట్యాంకర్లను, ఆర్పేసిన లైట్లను,
ఎవరూ తియ్యని మూతను చేశాను.
గబ్బు దగ్గర చెయ్యి ఆగింది.
ఆ మాటకి ఇంగ్లీషులో చాలానే ఉన్నాయి,
అన్నీ స్నానం చేసి సెంటు కొట్టుకొచ్చినవే.
నుస్రత్ ఏమీ అడగలేదు.
కీబోర్డు మార్చి, ఇంగ్లీషు వరుస నడుమ
రెండే రెండు తెలుగక్షరాలు కొట్టింది.
తెల్ల చొక్కా మీద మరకలా కనబడ్డాయవి.
ఉండనీ అన్నాను.

ఫైలు తిరిగొచ్చింది.
ఎర్ర గీత, పక్కన "తగిన పదం వాడగలరు".
పధ్నాలుగు పేజీలు. మూడువేల ఐదొందలు ఆగింది.
షాపు అద్దె ఐదో తారీఖు.

బయట వాన. నాలా పొంగి
సందు మొదట్లో బైకులు ఆగిపోయాయి.
ఫోను మోగుతోంది.
"దొరికిందా అని అడుగుతున్నరు సార్"
రిసీవరు మూసిపట్టుకుని నుస్రత్.

వెతుకుతున్నారని చెప్పు, అన్నాను.
ఇంకా వెతుకుతున్నారని.