తడి కాగితం

చైతన్యపురిలో మెట్రో దిగి
టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డులు దాటి
సందులో సందు పట్టుకొని పోతే
ఇళ్ళ వెనక మూసీ.
ముందు వాసన వస్తది,
తర్వాత నది.

ఖుద్రతుల్లా చిచ్చా సంచిలో
ఒక చిన్న బకెట్టు, గుర్రపు వెంట్రుకల బ్రష్షు,
పాతగుడ్డలో కట్టిన దూదిమూట, సిరాడబ్బా,
నలగకుండా చుట్టిన తెల్లకాగితాలు రెండు.
ముప్పయ్యేండ్ల సంది శాసనాలకు అచ్చులు తీస్తుండు.
ఒక్కటీ చదవరాదు.
"చదువుడు సార్ల పని,
నాది ముఖం కడుగుడు" అంటడు.

బండ మీద సున్నం,
సున్నం మీద జాజు,
జాజు మీద ఎవరిదో మొక్కు, పసుపు.
నేను కొత్త. గోరుతో గీకబోయిన.
చేతి మీద ఒక్కటేసిండు.
"నీళ్ళతోని అడుగు, చెప్తది.
రాయికి లేని తొందర నీకెందుకురా?"

ఈ ఊరికి నాలుగు వందల ఏండ్లని
బళ్ళో బట్టీ పట్టిన నేను
పదిహేను వందల ఏండ్ల ముందు
మోకాళ్ళ మీద కూర్చున్న.

తడి కాగితం పరిచి బ్రష్షుతో తడుతుంటే
చంటిపిల్లను జోకొట్టినట్టే ఉంది గాని
ఇది లేపుడు.
దూదిమూట నల్లగా తిరిగింది కాగితమంతా.
సిరా అంటని గుంతల్లో
తెల్లగా ఒక నిలువు గీత, ఒక కొక్కెం, ఒక వంపు,
ఉలి జారిన చోట
ఎవరూ చదవని ఒక తప్పుగీత.
దాన్ని చూసే నవ్విండు చిచ్చా.
"వీడు కూడా దినకూలే.
పొద్దు గూకుతుందని ఉరికిండు."

ఒడ్డు కింద గడ్డి కోస్తున్న శాంతవ్వ
మోపు దించి వచ్చింది,
పిక్కల దాకా నల్లబురద.
ఏం రాసిందంటే విన్నంత చెప్పిన:
బౌద్ధ భిక్షువులట,
ఇక్కడే ఉండేటోళ్ళట,
ఊరు తిరిగి అడుక్కొని తినేటోళ్ళట.
ఆ మాట కాడ్నే ఆగింది ఆమె.
"అడుక్కునేటోళ్ళ ముచ్చట
రాతి మీద రాసిన్రా?"
కొడవలి చంకల పెట్టుకొని
చెయ్యి కొంగుకు తుడిచి
కాగితం అంచు మీద
వేలు ఆనించి తీసింది.

పడ్డది మరక.
సార్లు అడుగుతరు ఇదేందని.
సంచిలో రెండో కాగితం ఉంది.
చిచ్చా తియ్యలేదు.

బస్సులో కండక్టరు
"అంత పెద్ద చుట్ట, లగేజీ టికెట్ కొట్టాల్నా?
బరువుందా?" అని పరాచికమాడిండు.
చిచ్చా కొంచెంసేపు ఆలోచించి
ఉందన్నడు,
పైసలు తీసిచ్చిండు.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి.
ఒకప్పుడు సగం పట్నాన్ని మింగి
చింతచెట్టెక్కినోళ్ళను మాత్రం వదిలిన నీళ్ళు
కింద నురుగు కక్కుతున్నయి.
ముక్కులు మూసుకొని
అందరూ కిటికీలు దించిన్రు.
చిచ్చా తనది తెరిచే ఉంచిండు,
గాలి తగలనియ్యి,
కాగితం ఇంకా ఆరలేదని.